వక్త – వస్త్రం

1893 ఆగస్టు 20వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం నుంచి స్వామి వివేకానంద మద్రాసులోని తమ శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు ఒక లేఖ రాశారు. సర్వమత మహాసభకు ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది. చేతిలోని సొమ్ము కరిగిపోతున్నది. చలికాలం తరుముకొస్తున్నది. ఆ లేఖలో ఇతర విషయాల నడుమ బట్టల ప్రస్తావన ఒకటి వస్తుంది. వీధిలో నడిస్తే తమ వింత వేషాన్ని చూడటానికి వందలాది జనం మూగుతున్నారనీ, కనుక బయట తిరగడానికి పొడవాటి నల్లకోటు ఒకటి సంపాదించుకొని, ఎర్రని అంగీని, తలపాగాను ఉపన్యాస సమయానికి మాత్రమే ఉంచుకోదలచామనీ స్వామి తెలియజేశారు. ఈ ఆలోచన ఆయనది కాదు. ఆతిథ్యమిచ్చిన అక్కడి మహిళలు చెప్పిన సలహా.

సర్వం త్యజించిన సన్న్యాసికి బట్టల చింత ఏమిటని అడిగేవారు ఉండవచ్చు. కాని ఆ లేఖలో కనబడేది చింత కాదు, వివేకం. ఒకే అంగీ వీధిలో వేడుక అవుతుంది, వేదిక మీద గౌరవం అవుతుంది. వీధిలోనివారు చూడటానికి ఆగుతారు. సభలోనివారు వినడానికి వచ్చి కూర్చుంటారు. సెప్టెంబరు 11న షికాగోలో ఆయన లేచి నిలబడినప్పుడు అక్కడి పత్రికలు ఉపన్యాసంతో పాటు ఆ అంగీని, తలపాగాను కూడా వర్ణించాయి. ఆ తలపాగా కట్టే తీరు రాజస్థాన్‌లోని ఖేత్రీ సంస్థానంలో అలవడినదనీ, ఎడారి వడగాలి నుంచి తలను కాపాడుకోవడానికి రాజా అజిత్ సింగ్ దానిని సూచించారనీ చెబుతారు. వడగాలికి కట్టిన పాగా మిచిగాన్ సరస్సు ఒడ్డున భారతదేశానికి గుర్తయి కూర్చున్నది.

అదే సంవత్సరం ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ఆయన ఇంగ్లీషులో ఉపన్యసించినప్పుడు ఈ సమస్యే లేదు. కాషాయం కట్టినవాడు ఎవరో తెలుగునేల మీద ఎవరికీ వివరించనక్కరలేదు గదా!

మనిషికి గౌరవం తెచ్చిపెట్టే ఐదు వకారాలను ఒక సంస్కృత సుభాషితం లెక్కపెడుతుంది. అందులో వస్త్రం మొదటిది. వపువు, అంటే శరీరం, రెండవది. వాక్కు మూడవ స్థానంలో గాని రాదు. విద్యావినయాలు ఆ తరువాత. ఛందస్సు అవసరం కొద్దీ కుదిరిన వరుసో, లోకం తీరు చూసి కుదిర్చిన వరుసో చెప్పలేము గాని, సభలో జరిగేది మాత్రం సరిగ్గా అదే. వక్త నోరు తెరవకముందే, కుర్చీలోనుంచి లేచి మైకు దాకా నడిచే ఆ పది అడుగులలోనే, అతని పంచె, కోటు, చీర, చెప్పులు సభాసదులతో మాట్లాడటం మొదలుపెడతాయి.

దర్బను కోర్టులో ఒక తలపాగా

1893వ సంవత్సరమే మరొక తలపాగా కథకు కూడా సాక్షి. ఆ ఏడాది మే నెలాఖరున దక్షిణాఫ్రికాలోని దర్బనులో దిగిన మోహన్‌దాస్ గాంధీ అనే యువ బారిస్టరును దాదా అబ్దుల్లా సేఠ్ కోర్టు చూపించడానికి తీసుకువెళ్లాడు. గాంధీ ఒంటిమీద ఫ్రాక్ కోటు, తలమీద వంగదేశపు తరహా పాగా. మేజిస్ట్రేటు కాసేపు తేరిపార చూసి, పాగా తీయమన్నాడు. గాంధీ తీయలేదు, లేచి బయటకు నడిచాడు. పత్రికలకు లేఖ రాశాడు.

కథ ఇక్కడ ముగిస్తే అది వీరగాథ అవుతుంది. ఆత్మకథలో గాంధీజీ చెప్పిన మిగతా భాగం ఇంకా ఆసక్తికరమైనది. ఈ అవమానాల బెడద వదిలించుకోవడానికి ఇంగ్లీషు టోపీ పెట్టుకుంటే పోలేదా అని ఆయనకు తోచింది. అబ్దుల్లా సేఠ్ వారించాడు. దేశవాళీ పాగా మీకు నప్పింది, ఇంగ్లీషు టోపీ పెడితే హోటలులో వడ్డించేవాడని అనుకుంటారు అన్నది ఆ వ్యాపారి మాటల సారాంశం. ఆ మాటలో దేశాభిమానం, లోకజ్ఞానం, కొంత చిన్నచూపు కూడా కలిసి ఉన్నాయని గాంధీజీయే గుర్తించారు. మరుసటి ఏడాది నేటాల్ సుప్రీం కోర్టులో న్యాయవాదిగా ప్రమాణం చేసిన రోజున ప్రధాన న్యాయమూర్తి పాగా తీయమన్నప్పుడు మాత్రం ఆయన తీసేశారు. మిత్రులు నొచ్చుకున్నారు. తన బలాన్ని ఇంతకంటె పెద్ద పోరాటాలకు దాచుకోవాలనుకున్నానని ఆయన సమాధానం. ఏ బట్ట కోసం పట్టుబట్టాలో, ఏ బట్ట విషయంలో సర్దుకుపోవాలో తెలుసుకోవడం ఆనాడే ప్రారంభమైంది.

అదే 1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యంకాళి అనే పులయ యువకుడు ఎడ్లబండి కొని, తలపాగా చుట్టి, తన కులం వారికి ప్రవేశం లేని రాజబాట మీద బండి తోలాడు. దాడి జరిగింది. ఆయన వెనక్కు తిరగలేదు. ఆయన తరువాతి కాలంలో శ్రీమూలం ప్రజాసభలో సభ్యుడై తనవారి పక్షాన మాట్లాడాడు. ఆ సభకు ఆయన వేసిన మొదటి అడుగు ఆ తలపాగాయే అనుకోవచ్చు. షికాగో, దర్బను, వెంగనూరు: మూడు ఖండాలలో ఒకే ఏడాది మూడు తలపాగాలు. ఒకరినొకరు ఎరుగరు.

మదురలో విడిచిన బట్ట

1888లో లండనుకు చదువుకోవడానికి వెళ్లిన గాంధీ బాండ్ స్ట్రీటులో పది పౌండ్లు పోసి విందులకు సూటు కుట్టించుకున్నాడు. పందొమ్మిది షిల్లింగులు పెట్టి ఎత్తు టోపీ కొన్నాడు. ఉపన్యాసకళ నేర్చుకోవడానికి మాస్టారును కూడా కుదుర్చుకున్నాడు. ఆ పాఠాలు రెండు మూడింటితోనే ఆగిపోయాయి. బట్టల పాఠం మాత్రం జీవితాంతం సాగింది. 1915 జనవరి 9న బొంబాయి రేవులో దిగేనాటికి సూటు పోయి కాఠియవాడీ అంగరఖా, ధోవతి, పాగా వచ్చాయి. మరి ఆరేళ్లకు అవి కూడా పోయాయి.

ఈ చివరి మార్పుకు తెలుగునేలతో ఒక సంబంధం ఉంది. 1921 సెప్టెంబరులో గాంధీజీ, మౌలానా మహమ్మదలీ కలిసి దక్షిణాదికి రైలులో వస్తున్నారు. 14వ తేదీన వాల్తేరు స్టేషనులో మహమ్మదలీని పోలీసులు అరెస్టు చేశారు. గాంధీజీ ప్రయాణం కొనసాగించారు. మద్రాసు నుంచి మదురకు వెళ్లే దారిలో రైలుపెట్టెలోని సామాన్య ప్రయాణికులతో ఖద్దరు గురించి మాట్లాడితే, అంత ఖరీదు పెట్టి కొనుక్కోలేని పేదవాళ్లమని వారు తలలూపారు. వారి మాటలో నిజముంది. ఆయన స్వయంగా టోపీ, చొక్కా, నిండు ధోవతి ధరించి, ఖద్దరు దొరకనివారు చిన్న గోచితో సరిపెట్టుకోండని చెప్పటం ఎట్లా? విదేశీ వస్త్రం విడవమని చెబుతున్నారే గాని, దాని స్థానంలో కట్టుకోవడానికి ఏముందో చూపలేకపోతున్నారు.

సెప్టెంబరు 22వ తేదీ ఉదయం, మదుర పడమటి మాసి వీధిలోని విడిదిలో తల గొరిగించుకొని, చొక్కా టోపీలు విసర్జించి, మోకాలి పైదాకా వచ్చే కొల్లాయి గుడ్డతో ఆయన బయటకు వచ్చారు. ప్రకటన కూడా ఇచ్చారు. అక్టోబరు 31 దాకా ఈ కట్టుతోనే ఉంటాననీ, చలి వల్ల అవసరమైతే పైన ఒక శాలువా కప్పుకుంటాననీ, సహచరులు తనను అనుకరించనక్కరలేదనీ దాని భావం. గడువు పెట్టిన నిర్ణయమన్నమాట! రాజాజీకి ఇది నచ్చలేదు. అక్టోబరు 31 వచ్చింది, వెళ్లింది. కొల్లాయి మాత్రం 1948 జనవరి 30 దాకా నిలిచింది. బసవరాజు అప్పారావు దాని మీద కట్టిన పాట తెలుగుదేశమంతటా మారుమోగింది. మహీధర రామమోహనరావు తమ నవలకు పేరు అందులోనుంచే తీసుకున్నారు.

చెప్పదలచుకున్న మాటకు తన ఒంటిమీది బట్ట అడ్డు వస్తున్నదని ఒక వక్త గ్రహించి, మాటను గాక బట్టను మార్చుకోవడం ఇందులోని విశేషం. చాలామంది చేసే పని దీనికి తారుమారు.

పదేళ్ల తరువాత ఆ బట్టకు అసలు పరీక్ష లండనులో ఎదురైంది. 1931 సెప్టెంబరు 12న రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి చేరుకున్న గాంధీజీ తూర్పు లండనులోని కింగ్‌స్లీ హాలులో కార్మికవాడ మధ్య బసచేశారు. ఆ నెలాఖరులో లాంకషైరు వెళ్లి డార్వెన్ మిల్లు కార్మికులను కలుసుకున్నారు. ఆలోచిస్తే ఇది సాహసం. భారతదేశంలో విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల కూడా పని పోగొట్టుకున్నవారు ఆ నేతగాళ్లు. ఆ బహిష్కరణకు ప్రతిరూపమైన ఖద్దరే చుట్టుకొని ఆయన వారి ముందు నిలబడ్డారు. వారి నిరుద్యోగానికి విచారం వెలిబుచ్చారు. తన దేశంలోని ఆకలిని వివరించారు. ఒక మిల్లు బయట ఆడకూతుళ్లు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఛాయాచిత్రం నేటికీ ఉంది. సూటు వేసుకొని వెళ్లి అవే మాటలు చెప్పి ఉంటే ఆ చిత్రం ఉండేదా అన్నది అనుమానమే.

నవంబరు 5న బకింగ్‌హామ్ రాజప్రాసాదంలో ప్రతినిధులకు తేనీటి విందు. మోకాళ్లు కనబడే ఆ తిరుగుబాటుదారును లోపలికి రానివ్వడానికి రాజు అయిదవ జార్జి మొదట మొండికేసినట్లు అప్పటి భారత వ్యవహారాల మంత్రి సామ్యూల్ హోర్ తన స్మృతులలో చెప్పారు. గాంధీజీ తన కొల్లాయి, శాలువా, చెప్పులతోనే వెళ్లారు. బట్టలు చాలీచాలనట్లున్నాయే అన్న ధోరణిలో ఎవరో ప్రశ్నిస్తే, ఇద్దరికీ సరిపడా రాజుగారే వేసుకున్నారన్న అర్థంలో ఆయన చమత్కరించారన్న ముచ్చట ప్రపంచమంతా తిరిగింది.

అదే సమావేశంలో ఒక సూటు

గాంధీజీ కొల్లాయి గురించి రాసేవారు తరచు మరచే సంగతి ఒకటున్నది. అదే సమావేశంలో, అదే బల్ల చుట్టూ, శుభ్రమైన పాశ్చాత్య సూటు ధరించిన డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ కూర్చొని ఉన్నారు. ఇద్దరూ పేదల పక్షాన మాట్లాడటానికే వచ్చారు. ఒకరు పేదవాని బట్ట కట్టి వచ్చారు. మరొకరు పేదవానికి ఎన్నడూ దక్కని బట్ట వేసుకొని వచ్చారు. అస్పృశ్యుల తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న విషయం మీదనే ఆ ఇద్దరి మధ్య ఘర్షణ. ఆ వాదం అక్షరాలా ఒంటిమీద కనబడుతున్నది.

అంబేద్కర్ సూటును పాశ్చాత్య వ్యామోహంగా కొట్టిపారేసిన వారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ లేకపోలేదు. అది పైపై చూపు. చండాలుడు శవాల మీది బట్టలు కట్టుకోవాలని మనుస్మృతి శాసించింది. ఆచారంలో అది అక్షరాలా అమలైనా కాకపోయినా, ఫలానా కులంవారు ఫలానా బట్ట కట్టరాదు, ఫలానా నగ పెట్టరాదు అన్న కట్టుబాట్లు దేశమంతటా నడిచాయి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడి, 1859లో గాని రాజు ఉత్తర్వు సాధించుకోలేకపోయారు. తెలుగు పల్లెలలో దొర ఎదుటపడితే భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకోవడం, చెప్పులు చేతపట్టుకోవడం పెద్దవారికి ఇంకా జ్ఞాపకమే. బట్ట విడిచి త్యాగి అనిపించుకోవాలంటే ముందు ఆ బట్ట తనదై ఉండాలి గదా! బారిస్టరుకు కొల్లాయి త్యాగం. తరతరాలుగా కొల్లాయి మాత్రమే దక్కినవానికి అందులో త్యాగమేముంది?

1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని దగ్ధం చేసిన ఆ మహాసభ సందర్భంలోనే అంబేద్కర్ స్త్రీలను ఉద్దేశించి ప్రత్యేకంగా ఉపన్యసించారు. చీర కట్టు చూడగానే కులం తెలిసిపోయే పాత పద్ధతి మానండి, చేతులనిండా మోచేతుల దాకా వేసుకునే బరువైన వెండి, ఇత్తడి కడియాలు తీసివేయండి, అగ్రకుల స్త్రీల మాదిరిగా నిండుగా చీర కట్టండి, శుభ్రంగా ఉండండి అని ఆయన బోధించారు. స్త్రీలు వెంటనే కట్టు మార్చారు. కొందరు అగ్రకుల స్త్రీలే దగ్గరుండి నేర్పారు. పెద్ద ఉద్యమాల చరిత్రలో ఇది చిన్న ఘట్టంగా కనబడవచ్చు. ఆ చీర కట్టుకొని మరునాడు ఊళ్లోకి నడిచిన స్త్రీకి అది చిన్నది కాదు.

ఆయనకు ఇతర వస్త్రాలు తెలియకపోలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది జనం ఎదుట బౌద్ధం స్వీకరించిన రోజున ఆయన తెల్లని పట్టు ధోవతి, తెల్లకోటు ధరించారు. కాని ప్రజలు తమ జ్ఞాపకంలో నిలుపుకున్నది సూటునే. ఇవాళ తెలుగు పల్లెలలో దళితవాడ మొగదల నిలిచిన విగ్రహం నీలిరంగు సూటులో, మెడకు టైతో, ఒక చేత రాజ్యాంగ గ్రంథంతో, మరొక చేతి చూపుడువేలు ఎత్తి ఉంటుంది. అది ఉపన్యసిస్తున్న మనిషి భంగిమ. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహాలు రెండూ సూటు ధరించినవే. కొల్లాయి విగ్రహం పక్కన ఆ సూటు విగ్రహం నిలబడిన కూడలి ప్రతి పట్టణంలోనూ ఉంది. లండనులో మొదలైన వాదం అక్కడ ఇంకా నడుస్తున్నట్లే ఉంటుంది.

మహమ్మదలీ జిన్నా కథ వీటికి భిన్నం. లండను దర్జీలు కుట్టిన రెండు వందల సూట్లు ఉండేవని జీవితకథాకారులు చెప్పే ఆ బారిస్టరు 1937 అక్టోబరులో లక్నో ముస్లిం లీగు మహాసభకు షేర్వానీ తొడిగి, నవాబ్ ఇస్మాయిల్ ఖాన్ నుంచి తీసుకున్న నల్లని కరకుల్ టోపీ పెట్టుకొని వచ్చారు. ఆ టోపీకి తరువాత ఆయన పేరే స్థిరపడింది. ఆ రోజున ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనా, ఉర్దూలోనా అని ఆలోచించే అవసరం చాలామందికి లేకపోయింది. షేర్వానీ అప్పటికే వారి భాషలో మాట్లాడింది.

చీర అంచు, శాలువా చెంగు

పురుషుడు ఒకే తెల్లచొక్కాతో జీవితమంతా సభలు నడపవచ్చు. స్త్రీకి ఆ వెసులుబాటు తక్కువ. ఆమె కట్టిన చీర ఖరీదైనదైతే ఆడంబరం, చవకదైతే నటన, మళ్లీ అదే అయితే పిసినారితనం అనడానికి పత్రికలవారు కలాలు పట్టుకొని సిద్ధంగా ఉంటారు. ఇందులో న్యాయం లేదు.

1921లో కాకినాడకు గాంధీజీ వచ్చినప్పుడు పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి స్త్రీల సభ ఏర్పాటు చేయించి, ఆయన హిందీ ఉపన్యాసాన్ని తెలుగులోకి అనువదించి చెప్పింది. చేతి బంగారు గాజులు విరాళమిచ్చింది. ఇంట్లో విదేశీ వస్త్రాలు తగలబెట్టి ఖద్దరు కట్టారు. వేదిక మీద అనువాదకునికి ఒక ధర్మం ఉంది: తన మీదికి చూపు మళ్లకూడదు. గాజులు లేని చేతులతో, ముతక ఖద్దరుతో నిలబడిన ఆ పిల్ల ఆ ధర్మానికి పూర్తిగా వ్యతిరేకం. సభ ఆమెనే చూసి ఉంటుంది!

ఇందిరా గాంధీ 1942లో పెండ్లినాడు కట్టుకున్న లేత గులాబిరంగు చీర తండ్రి జైలులో వడికిన నూలుతో నేసినది. ప్రధానిగా ఆమె దేశంలోని నానా ప్రాంతాల చేనేత చీరలు కట్టేవారు. ఏ రాష్ట్రం వెళితే ఆ రాష్ట్రపు నేతను గుర్తించే కన్ను ఆమెది. 1984 అక్టోబరు 31 ఉదయం, నటుడు పీటర్ ఉస్తినోవ్‌తో టెలివిజన్ సంభాషణ కోసం, నల్ల అంచు గల కాషాయవర్ణపు ఒరిస్సా నేత చీర కట్టుకొని ఆమె తోటలో నడిచి వస్తున్నారు. తుపాకిగుండ్లను ఆపే కవచం ధరించమని భద్రతాధికారులు చెబుతూ వచ్చారు. ఆ ఉదయం అది ఆమె ఒంటిమీద లేదు. కెమెరా దాకా ఆమె చేరలేదు. ఆ చీర సఫ్దర్‌జంగ్ రోడ్డులోని స్మారక భవనంలో, గుండ్లు చేసిన రంధ్రాలతో, అద్దం వెనుక ఉంది.

2013 జూలై 12న ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించిన మలాలా యూసఫ్‌జాయికి ఆనాటితో పదహారేళ్లు నిండాయి. బడికి వెళ్లినందుకు తల మీద తుపాకిగుండు దెబ్బ తిని బ్రతికిన పిల్ల. గులాబిరంగు దుస్తుల మీద ఆమె కప్పుకున్న తెల్లని శాలువా 2007లో హత్యకు గురైన బేనజీర్ భుట్టోది. ఆ సంగతి ఆమె ప్రసంగంలోనే, ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగింది. శాలువా గురించి అంతకుమించి మాట్లాడకపోవడం వల్లనే అది అందరికీ గుర్తుండిపోయింది.

తెలుగు వేదిక

రాజకీయ వేదికలు పుట్టకముందే తెలుగువారికి సభావేషం తెలుసు. హరిదాసు పట్టుపంచె బిగించి, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేత చిరతలతో నిలబడితే, రాత్రంతా వినడానికి ఊరు సిద్ధపడేది. నిత్యం ఆయన అట్లా తిరగడని అందరికీ తెలుసు. ఎవరూ దానిని కపటమనలేదు. ఆ వేషం ఆయన వృత్తిలో భాగం.

నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న పార్టీ స్థాపించి, పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి రాష్ట్రమంతా తిరిగినప్పుడు కట్టినది ఖాకీ. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన పిమ్మట కాషాయం ధరించారు. నగరాల మేధావులు ఎగతాళి చేశారు. రాముడుగా, కృష్ణుడుగా వెండితెర మీద ఆయనను మూడు దశాబ్దాలు చూసిన జనానికి మాత్రం వేషం మారడం వింత కాలేదు. కష్టజీవి ఖాకీ ఓట్లు అడిగింది. కాషాయం వాటిని నిలబెట్టగలిగిందా అన్నది వేరే చర్చ. మరొక కొసన, ధోవతి ఎగగట్టి, చొక్కా లేని ఒంటిమీద నల్లగొంగడి, కాళ్లకు గజ్జెలతో గద్దర్ 2023 ఆగస్టులో కన్నుమూసే దాకా లక్షలమందిని ఆడించి పాడించాడు. ఆ గొంగడి గొర్రెలకాపరిది. వేదిక మీదికి దానిని తేవడమే ఒక ప్రకటన.

పట్టభద్రుల నల్లగౌను మాట కూడా వస్తుంది. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో ప్రసంగిస్తూ, అప్పటి కేంద్రమంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడు అయిన జైరాం రమేశ్, ఇది వలసపాలన నాటి అనాగరిక అవశేషమని విమర్శించి తన గౌనును అక్కడే తీసివేశారు. అటుపై స్నాతకోత్సవాలకు చేనేత వస్త్రాలు వాడవలసిందిగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా కోరింది. మండువేసవిలో ఆ గౌనులో నిలబడినవారెవరూ ఇందుకు అభ్యంతరం చెప్పరు.

బట్ట ఎదురు తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2015 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామాను కలిసినప్పుడు ప్రధాని నరేంద్ర మోదీ ధరించిన సూటు చారలలో ఆయన పేరే సన్నని అక్షరాలలో నేసి ఉన్నదని తెలియగానే విమర్శ చెలరేగింది. ఆ తరువాతి నెలలో సూరత్‌లో వేలం వేస్తే అది 4 కోట్ల 31 లక్షల రూపాయలకు పోయింది. సొమ్ము గంగాప్రక్షాళనకు కేటాయించారు. ప్రతిపక్షం మాత్రం ఆ సూటును చాలాకాలం వదలలేదు.

సామాన్య వక్తకు

ఇవన్నీ మహామహుల సంగతులు. పాఠశాల వార్షికోత్సవానికి, సంఘం సమావేశానికి, పుస్తకావిష్కరణకు రెండు మాటలు చెప్పమని పిలుపు వచ్చిన ఉపాధ్యాయినికో, గుమాస్తాకో ఇందులో ఉపయోగమేమిటి?

ముందుగా ఒక అపోహ తొలగించాలి. వ్యక్తిత్వ వికాస తరగతులలో, శ్రోత మీద మాట ప్రభావం 7 శాతమేననీ, మిగిలిన 93 శాతం గొంతు, ముఖకవళికలదేననీ శాస్త్రం రుజువు చేసిందని చెప్పి, ఆ వెంటనే ఖరీదైన కోటు కొనిపిస్తారు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాలవి. విడివిడి మాటలను వేర్వేరు స్వరాలలో వినిపించి, ముఖచిత్రాలు చూపి, ఎదుటివారి ఇష్టాయిష్టాలను ఎట్లా పోల్చుకుంటారో ఆయన పరిశీలించారు. ఉపన్యాసాలతో వాటికి పనిలేదు. ఆ సంగతి ఆయనే స్పష్టం చేశారు. బట్టల ప్రసక్తి అందులో అసలే లేదు!

కొత్త బట్ట మొదటిసారి సభకే కట్టకూడదు. కొత్త చీర కుచ్చిళ్లు జారతాయి, కొత్త చెప్పు కరుస్తుంది, గంజి ఎక్కువైన చొక్కా మెడ వద్ద కోస్తుంది. ఆ బాధ ముఖం మీద కనబడి ఉపన్యాసంలోని బాధగా పొరబడతారు. ఇంట్లో ఒక పూట కట్టి, చేతులెత్తి, కూర్చొని, నాలుగు మెట్లెక్కి చూసుకోవడం మేలు. వేదికలకు మెట్లుంటాయి, ఒక్కోసారి మెట్లకు బదులు బల్ల ఉంటుంది. కాలర్ మైకు పెడతారని తెలిస్తే దానిని తగిలించడానికి అంచో, గుండీల పట్టీయో ఉన్న వస్త్రం కావాలి. మెడలోని గొలుసు దానికి తగిలితే సభ అంతా గలగలమంటుంది. మైకు స్టాండును పట్టుకునే అలవాటున్నవారి చేతి గాజులదీ అదే పని. కెమెరా ఉన్నచోట సన్నచారలు, చిన్న గళ్లు మెలికలు తిరుగుతూ కళ్లను వేధిస్తాయి. మిలమిలలాడే తెలుపు దీపకాంతికి ముఖాన్ని నల్లబరుస్తుంది.

జేబు మరవకూడదు. కాగితాలు, కళ్లజోడు, చేతిరుమాలు చేతిలో పట్టుకొని లేచిన వక్త సగం ఓడిపోయినట్లే. 1912 అక్టోబరు 14న అమెరికాలోని మిల్వాకీలో థియోడర్ రూజ్‌వెల్ట్ మీద ఒక హంతకుడు తుపాకి పేల్చినప్పుడు, కోటు జేబులో మడిచి పెట్టుకున్న యాభై పుటల ఉపన్యాసం, ఉక్కు కళ్లజోడు పెట్టె గుండు వేగాన్ని తగ్గించాయి. గుండు రొమ్ములో ఉండగానే ఆయన గంటకు పైగా మాట్లాడారు. యాభై పుటల ఉపన్యాసాన్ని సమర్థించడానికి ఇంతకంటె మంచి కారణం మరొకటి లేదు.

ఎంత ఆలోచించి కట్టుకొని వెళ్లినా మన సభలలో నిర్వాహకులు దాని మీద పూలదండ వేస్తారు, శాలువా కప్పుతారు. మాట్లాడటానికి లేచే ముందు ఆ రెండూ తీసి కుర్చీ మీద పెట్టడంలో అమర్యాద ఏమీ లేదు. తడి పూలు చొక్కాకు మరకలు చేస్తాయి, దండ మైకుకు రాసుకుంటుంది, మే నెలలో శాలువా సంగతి చెప్పనక్కరలేదు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం శాలువా మరచిపోకూడదు; నిర్వాహకులు నొచ్చుకుంటారు.